మెంబరుగారి ప్రసంగాలతో దిద్దించిన అక్షరాలు

ఒక మనిషి ఓడిపోవాలని నేను పదకొండేళ్ళు కోరుకున్నాను. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు, మా పొలం లాక్కోలేదు. ఒకసారి బెల్లం ముక్క కూడా పెట్టారు. అయినా ఆ మనిషి నలుగురిలో తల దించుకుంటే చూడాలని నా కోరిక. వయసు మీదపడితే కోపాలు వాటంతట అవే చల్లారతాయని మా ఇంట్లో వాళ్ళు అంటుంటారు. నా కోపం సంగతి నాకు తెలుసు. ఇది రాస్తుంటేనే వేళ్ళు బిగుసుకుంటున్నాయి.

ఆయన మద్రాసు కౌన్సిలులో మెంబరు. అప్పట్లో మా ప్రాంతమంతా కర్నూలు జిల్లాలో ఉండేది, అందరి మీదా మద్రాసు ఉండేది. రైలెక్కి మద్రాసు వెళ్ళి, దొరల ఎదుట నిలబడి మాట్లాడి వచ్చే మనిషి మా చుట్టుపక్కల ఆయన ఒక్కరే. అందుకని ఆయనను పేరు పెట్టి ఎవరూ పిలిచేవారు కాదు, మెంబరుగారంటే చాలు. మొదట ఊళ్ళో పెద్ద రైతు, తరువాత తాలూకా బోర్డు ప్రెసిడెంటు, ఆ తరువాత కౌన్సిలు. ఎక్కడ కూర్చున్నా ఆయన మాట మాత్రం మారలేదు. పెద్దవాళ్ళు ఏర్పాటు చేసిపోయిన దానిని మనం కదిలించకూడదు. కదిలించడానికి ఏ చట్టం వచ్చినా ముందు లేచి నిలబడి వద్దనేది ఆయనే. దానికి మా ఊళ్ళలో ఆయనకు మంచి పేరు కూడా ఉండేది.

మా పుట్టిల్లు యర్రగొండపాలెం వైపు. జొన్న, కొర్ర, ఆముదం తప్ప మరొకటి పండని మెట్ట ఊరు. ఆ ఊళ్ళో బోర్డు వాళ్ళ ఆడపిల్లల బడి ఒకటి ఉండేది. ఒకటే గది, ఒక పంతులమ్మ, పదకొండు మంది పిల్లలం. నేను మూడో తరగతి. గట్టిగా చదవడం అంటే నాకు ఎంత ఇష్టమంటే, ఇంట్లో మేకలకు కూడా పాఠం అప్పజెప్పేదాన్ని. బోర్డు ప్రెసిడెంటు హోదాలో మెంబరుగారు మా బడి చూడటానికి వచ్చిన రోజు పంతులమ్మ నన్నే లేపింది. ఒక్కచోట కూడా ఆగకుండా చదివాను.

ఆయన సంతోషపడ్డారు. అది అబద్ధమని నేను అనను. తెల్లటి తలపాగా, బంగారు గొలుసు గడియారం, నిదానమైన గొంతు.

"బాగ చదివినావు పాపా. చదివి ఏం జేస్తావు?" అన్నారు.

"మీ మాదిరి కాగితం మీద సంతకం పెడతా," అన్నాను.

గది అదిరేలా నవ్వారు. పక్కన ఉన్న బోర్డు గుమాస్తా కూడా నవ్వాడు. పంతులమ్మ నవ్వలేదు. బంట్రోతు దగ్గర బెల్లం పొట్లం ఉంటే విప్పించి తన చేత్తో ముక్క పెట్టారు. నేను ఆ రోజు మా నాయనతో మెంబరుగారు దేవుడని చెప్పాను.

నెల తిరగకముందే బడి మూసేశారు. కాగితం మీద ఆయన సంతకమే. మూసిన గది ఖాళీగా ఉన్నా ఇంత ఏడ్చేదాన్ని కాదేమో. ఒంగోలు నుంచి బోర్డు ఒక ఆబోతును కొన్నది, మా చుట్టుపక్కల ఆవుల కోసం. దానికి నీడ కావాలి గదా, మా బడిలో కట్టేశారు. నేను కూర్చున్న చోట గడ్డి. నల్లబల్ల కింద కుడితి తొట్టి. నీళ్ళకు పోతూ, వస్తూ రోజూ ఆ ఆబోతును చూసేదాన్ని. తెల్లగా, మూపురం ఎత్తుగా, చాలా అందమైన పశువు. దాని మీద కూడా నాకు పగే. మా నాయన మాత్రం, "బోర్డు వాళ్ళ ఇష్టం, మనమేం జేస్తాం. ఆబోతు వల్ల నాలుగు ఊళ్ళకు మేలు," అని ఊరుకున్నాడు.

రెండేళ్ళకు నాకు పెళ్ళి చేశారు. అత్తవారిది కొనకనమిట్ల దగ్గరి ఊరు. మెంబరుగారి ఊరికి అక్కడినుంచి మైలు కూడా లేదు. మిద్దె ఎక్కితే ఆయన ఇంటి గోడలు కనిపించేవి. నా గ్రహచారం అట్లా ఉంది అనుకున్నాను. ఇప్పుడు అదే నా అదృష్టం అనుకుంటున్నాను.

మా ఆయన మంచివాడు. నాకు కొద్దిగా చదువు వచ్చని తెలిసి సిగ్గుపడకపోగా, మార్కాపురం సంతకు వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక కాగితం తెచ్చి పడేసేవాడు. ఒకసారి చింతపండు పొట్లం విప్పితే అందులో మెంబరుగారు ఉన్నారు. మద్రాసు కౌన్సిలులో తాను మాట్లాడినవన్నీ తెలుగులో అచ్చు వేయించి ఊరూరా ఉచితంగా పంచుతున్నారట. చదివేవాళ్ళు తక్కువ, కాగితం మందంగా ఉంది, అందుకని దుకాణం వాళ్ళు పొట్లాలకు వాడుకుంటున్నారు. నేను ఆ ముక్కను గోడకు అతికించి చదివాను. మరుసటి సంతకు, "ఆ పుస్తకం మొత్తం తేవాల," అన్నాను.

"చింతపండు గూడ తేవాల్నా, పుస్తకం ఒకటేనా?" అని నవ్వుతూ వెళ్ళి తెచ్చిపెట్టాడు.

ఆ పుస్తకం నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పెద్ద అక్షరాలు, శుభ్రమైన అచ్చు. తొలి పేజీలో తలపాగాతో ఆయన ఫోటో. ఆడపిల్లల పెళ్ళి వయసు పెంచే చట్టం మన ఇళ్ళలోకి దొరలు దూరడమేనని ఒక ప్రసంగం. కరణీకం, మునసబీ తండ్రి తరువాత కొడుక్కే రావాలని ఒకటి. నల్లమలను పాడు చేసేది మేకలేనని, మేకలు కాసేవాళ్ళను అడవిలోకి రానీయకూడదని ఒకటి. పన్ను కట్టేవాడికే రాజ్యంలో మాట ఉండాలట, అడ్డమైనవాళ్ళకు ఓటిస్తే రాజ్యం సంత అవుతుందట. మా మార్కాపురం పలకల మీద కూడా ఒక ప్రసంగం ఉంది. మా గనుల రాయిలాంటి రాయి మరెక్కడా లేదని, మద్రాసు ప్రెసిడెన్సీలోని ప్రతి బడీ మార్కాపురం పలకలే కొనాలని దొరలను నిలదీశారు. అది మంచి మాటే. ఆ మాట చెప్పడానికి పదిహేను పేజీల ముందు, ఆడపిల్లకు రెండు తరగతులు చాలునని, ఆ డబ్బు పశువుల మేలుకు ఖర్చు పెట్టడం ధర్మమని చెప్పారు. ఆ పేజీ మూల మడిచి పెట్టుకున్నాను.

మా ఆయనకు నేనొక వేడుకైపోయాను. సాయంత్రం పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఏందే, మీ మెంబరు ఈ రోజు ఏం వద్దన్నాడు?" అనేవాడు. మా అత్త మాత్రం, "పరాయి మగోని ఫోటో ఇంట్లో పెట్టుకోని రోజూ చూసేది ఈ కోడలు ఒకతే," అని ఇరుగుపొరుగుకు చెప్పుకునేది.

ఇట్లా ఏళ్ళు గడిచాయి. ఇద్దరు పిల్లలు పుట్టారు. ఒకనాడు మా ఆయన మార్కాపురం నుంచి కొత్త మాట తెచ్చాడు. కౌన్సిలు పోయి పెద్ద చట్టసభ వస్తున్నదట. పన్ను కట్టకపోయినా, చదవను రాయను వచ్చినవాళ్ళకు ఓటు ఇస్తారట, ఆడవాళ్ళకైనా సరే. అధికారి ఎదుట స్వహస్తంతో అర్జీ రాసి చూపిస్తే చాలు. మెంబరుగారు మళ్ళీ నిలబడుతున్నారు. ఆయనకు ఎదురుగా గిద్దలూరు ప్లీడరు ఒకాయన.

మా ఆయన ఇదంతా చెప్పి అన్నం కలుపుకుంటున్నాడు. నేను కూర వడ్డించడం మర్చిపోయాను. వీధిలో ఎంతమంది ఆడవాళ్ళున్నారో వేళ్ళ మీద లెక్క పెడుతున్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టాను. అన్నాలు తిని, మగవాళ్ళు కునుకు తీసే వేళ వీధిలో ఆడవాళ్ళను మా వసారాలో కూర్చోబెట్టాను. మొదట వచ్చింది మా వీధి చివర మేకలు కాసుకునే ఇంటి చిన్నమ్మ. నాకు చుట్టం కాదు, వరస కలిపి పిలుచుకునేదాన్ని. అడవిలోకి మేకలు రానీయని కొత్త కట్టుబాటు వల్ల ఆమె మంద సగం అమ్ముకున్నది. నేను ఆమెకు మేకల ప్రసంగం చదివి వినిపించాను.

"మేక అడివిని తినిందని రాసినాడా?" అని అడిగింది చిన్నమ్మ.

"రాసినాడు."

"నా మేకల్నా?"

"అందరి మేకల్నీ."

"అయితే నేర్పు," అని కూర్చున్నది.

పలకలకు మాకు కొదవ లేదు. మార్కాపురంలో అంచు విరిగినవి, మూల పగిలినవి బండ్ల కొద్దీ పారేస్తారు. మా ఆయన అడ్డపంచెలో మూటగట్టి తెచ్చాడు. పుస్తకాలే లేవు. ఊరంతా వెతికినా చదివించడానికి పనికొచ్చే అచ్చు కాగితం మరొకటి కనపడలేదు. అప్పుడు నాకు తోచింది. మెంబరుగారి ప్రసంగాలు ఇంత పెద్ద అక్షరాలతో దేనికి అచ్చు వేసినట్టు? ఆయన పుస్తకమే మా వాచకం అయింది. మా ఆయన మార్కాపురం దుకాణాల నుంచి మరో ఎనిమిది ప్రతులు తెచ్చాడు.

అక్షరాలు గుణింతాలు అయ్యాక ఆడవాళ్ళందరూ కలిసి గొంతెత్తి చదివేవాళ్ళు. "ఆ-డ-పి-ల్ల-కు రెం-డు త-ర-గ-తు-లు చా-లు." ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, వాక్యం చివరికి వచ్చాక దాని అర్థం తలకెక్కి, ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు. అప్పుడు నాకు కలిగే తృప్తి ఇంతా అంతా కాదు. నేను ఎవరికీ ఏమీ నూరిపోయలేదు. ఆయన మాటలు ఆయనవే, నేను చదివించానంతే. వినేవాళ్ళకు నచ్చే గొంతు ఆయనది. చదివేటప్పుడు ఆ గొంతు ఉండదు కదా. మాటలు మాత్రమే మిగులుతాయి.

మొదట్లో గొణిగిన మా అత్త కూడా పదిహేను రోజులకు దగ్గరికి జరిగింది. ఆమెకు పుస్తకం మీద కోపం మరోలా వచ్చింది. "ఈ మనిషి ఏదీ కావాలనడే. పొద్దు పొడిసినా వొద్దంటాడేమో," అని బలపం అందుకున్నది.

ఆ రోజుల్లోనే మెంబరుగారి ఇంటి నుంచి కబురు వచ్చింది. వాళ్ళ ఇంట్లో నీళ్ళు తోడే మనిషి పెరటి దోవన వచ్చి నా చెవిలో చెప్పింది. "అమ్మగారికి అచ్చరాలు నేర్చుకోవాలని ఉందంట. ఆమె బయటికి రాగూడదు గదా, నిన్నే ఒగ గడియ వచ్చిపొమ్మన్నారు." మెంబరుగారి భార్య వాకిలి దాటి రాదు, పెద్దింటి కట్టుబాటు. ఆమెను చూసిన ఆడవాళ్ళు కూడా మా ఊళ్ళో ఇద్దరో ముగ్గురో ఉంటారు.

నా ఒళ్ళు మండింది. మా బడి ఆరా తీయడానికి వేసిన ఎత్తని కొంత అనుమానం. అంతకంటే ఎక్కువ, నా చేతికి చిక్కారన్న సంతోషం. "ఆడోళ్ళకు రెండు తరగతులు చాలని రాసిన ఆయప్ప ఇంట్లోనే ఉండాడు గదా, ఆ రెండు ఆయప్పనే చెప్పమను," అని పంపించాను. వారం తరువాత అదే మనిషి మళ్ళీ వచ్చింది. ఈసారి చెంగున కట్టి రెండు కొబ్బరికాయలు తెచ్చింది. "ఆయనకు తెలీకుండానే రమ్మంటున్నారు," అన్నది. కొబ్బరికాయలు వెనక్కి ఇచ్చేశాను. ఆ రాత్రి మా ఆయనతో ఈ సంగతి చెప్పి కడుపారా నవ్వుకున్నాను. ఆయన నవ్వలేదు. "పోయి చెప్పిరాగూడదా," అన్నాడు. నేను వినిపించుకోలేదు.

అర్జీలు రాసే రోజు వచ్చింది. ఇరవై మూడు మందిమి రెండు బండ్లలో వెళ్ళాం. అధికారి ఎదుట ఒక్కొక్కరు కూర్చుని, తన పేరు, భర్త పేరు, ఊరు పేరు రాసి, ఆయన చూపిన నాలుగు వాక్యాలు చదివి వచ్చారు. చిన్నమ్మకు చెమటలు పట్టాయి, బలపం అలవాటైన చేతికి కలం జారిపోయింది. ఇరవై ఒక్క మంది పేర్లు ఎక్కాయి. తప్పిన ఇద్దరిలో మా అత్త ఒకతె. ఆమె అధికారి చూపించిన కాగితం వదిలేసి, కంఠతా వచ్చిన మెంబరుగారి ప్రసంగం అప్పజెప్పింది.

ఓట్ల రోజు నా తప్పు ఒకటి బయటపడింది. ఇన్ని నెలలు తల పగలగొట్టుకున్న నాకు ముందు తోచనే లేదు.

ఓట్లు వేసే చోటు మెంబరుగారి ఊళ్ళో మగపిల్లల బడి. ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు పెట్టె. మెంబరుగారిది ఎర్రది, ప్లీడరుది పసుపుది. మేము వరుసలో నిలబడ్డాం, ముందు చిన్నమ్మ, ఆమె వెనక నేను. కర్నూలు నుంచి వచ్చిన ఆఫీసరు బల్ల వెనక జాబితా పెట్టుకుని ఉన్నాడు. పేరు అడిగితే చిన్నమ్మ చెప్పింది. "భర్త పేరు?" అన్నాడు.

చిన్నమ్మ తల వంచుకున్నది. మాలో ఆడది మొగుడి పేరు నోటితో పలకదు. పలికితే ఆయువు తగ్గుతుందని చిన్నప్పటి నుంచి విని పెరిగాం. ఎక్కడైనా చెప్పాల్సి వస్తే పక్కన ఉన్నవాళ్ళు అందిస్తారు. నేను వెనక నుంచి అందించబోయాను. మెంబరుగారి తరఫు ఏజెంటు లేచాడు. "ఒకరికి ఒకరు చెప్పగూడదు సార్. ఆమె ఎవురో ఆమే చెప్పాల. చెప్పలేదంటే ఆమె ఆమె గాదు," అన్నాడు. తెలిసే అన్నాడు. వాడి పెళ్ళాం మాత్రం వాడి పేరు పలుకుతుందా? ఆఫీసరు ఇంకో రెండుసార్లు అడిగాడు. చిన్నమ్మ పెదవి కదిలింది గానీ మాట రాలేదు. పక్కకు నిలబడమన్నారు. ఆమె గోడకు ఆనుకుని ఏడుస్తున్నది.

కిటికీలోంచి మెంబరుగారు కనిపిస్తున్నారు. బయట కుర్చీలో కూర్చుని, వచ్చిపోయేవాళ్ళ నమస్కారాలు అందుకుంటున్నారు. ఏజెంటు వెళ్ళి సంగతి చెప్పాడు. ఆయన గొంతు నాకు వినపడింది. "పోనీలే. మన ఆడోళ్ళ ఆచారం ఇంకా చెడిపోలేదు. ఇండ్లకు పొమ్మను, ఎండన మాడతారు."

ఎంత సంతోషంగా అన్నారో. నా తరువాత పంతొమ్మిది మంది ఉన్నారు. మా వెనకాల ఎనిమిది నెలల మధ్యాహ్నాలున్నాయి. ఇప్పుడు నా వంతు. "భర్త పేరు?"

నేను చెప్పేస్తానని అనుకున్నాను. ఇంత పగ ఉన్నదాన్ని, మూడక్షరాల పేరు పలకలేనా అనుకున్నాను. నోరు తెరిచాను. రాలేదు. మా ఆయన ఆ ఉదయం దగ్గుతూ పొలానికి వెళ్ళడం గుర్తుకొచ్చింది, నాలుక అక్కడే ఆగిపోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఏజెంటు మళ్ళీ లేస్తున్నాడు.

అది బడి. మూలన పిల్లల పలకలు దొంతరగా పేర్చి ఉన్నాయి. గబగబా వెళ్ళి ఒకటి తీసుకున్నాను. మా ఆయన పేరు, ఇంటిపేరుతో సహా, పలక నిండా రాసి ఆఫీసరు ముఖం ముందు నిలబెట్టాను.

ఆఫీసరు పలక చూశాడు, జాబితా చూశాడు. ఏజెంటు అరిచాడు, నోటితో చెప్పాలని. "నోటితోనే చెప్పాలని నా దగ్గర ఉన్న కాగితాల్లో లేదు. రాయడం వచ్చునని కదా ఈమెకు ఓటు ఇచ్చారు," అని ఆఫీసరు చీటీ చించి నా చేతికిచ్చాడు.

నేను లోపలికి వెళ్ళకుండా చిన్నమ్మ దగ్గరికి వెళ్ళి పలక తుడిచి ఇచ్చాను. ఆమె కళ్ళు తుడుచుకుని, గోడకు పెట్టుకుని రాసింది. ఆ తరువాత ఒక్కొక్కరే మూలకు వెళ్ళి పలక తెచ్చుకున్నారు. కాపు ఇళ్ళ కోడళ్ళు, గొర్రెల ఇళ్ళ అత్తలు, అందరూ మొగుళ్ళ పేర్లు రొమ్ముకు ఆనించుకుని వరుసగా నిలబడ్డారు. ఒక్కరి నోరూ మైలపడలేదు. మెంబరుగారు కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వచ్చి చూశారు. ఆయన ముఖంలో నవ్వు పోయింది. అది నేను నిలబడి తనివితీరా చూశాను. ఇప్పటికీ నీరసంగా ఉన్నప్పుడు దానిని తలుచుకుంటాను.

ఆయన ఓడిపోయారు. మార్కాపురం నుంచి ఆ వార్త తెచ్చిన మా ఆయన, "మీ ఇరవై ఓట్లు లేకున్నా ఓడిపోయేటోడే. శానా తేడాతో పోయినాడు," అన్నాడు. ఆ మాటకు నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఓడించింది మేమే. బూరెలు వండి వీధంతా పంచాను.

అంతటితో ఊరుకోవచ్చు. నా మనసు ఊరుకోలేదు. ఆయన ఎదుట నిలబడాలి, నేనెవరో చెప్పాలి. మూడో రోజు, చినిగి పీలికలైన ఆయన ప్రసంగాల పుస్తకం చెంగు కింద పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

వసారాలో ఒక్కరే కూర్చున్నారు. తలపాగా లేదు. బట్టతల అని నాకు అప్పటిదాకా తెలియదు. పుస్తకం ఆయన ముందు పెట్టి, "మీ పుస్తకం ఇచ్చిపోదామని వచ్చినా. దీంతోనే మేమందరం చదువు నేర్చుకున్నాం," అన్నాను.

ఆయన పుస్తకం తీసుకుని, చేతిమరకలు పట్టిన పేజీలు తిప్పారు. కోపం రాలేదు. "నా ప్రసంగాలు ఇంత చదివినోళ్ళు ఎవురూ లేరమ్మా," అన్నారు. నిజంగా ఆశ్చర్యపోతూ అన్నారు. "ఎవురి కోడలివి?"

"మీరు మూసేసిన బడిలో పిల్లను. మూడో తరగతి. మీకు చదివి వినిపించినాను. బెల్లం పెట్టినారు. ఆ గదిలోనే ఆబోతును కట్టేసినారు."

ఆయన పుస్తకం మూసి నన్ను పరీక్షగా చూశారు. పదకొండేళ్ళుగా ఈ మాట చెప్పాలని ఎదురుచూస్తున్నాను.

"ఏ బడి తల్లీ? ఆ ఏడాది శానా బళ్ళు మూసినాం," అన్నారు. "ఆబోతు గుర్తుంది. మంచి పశువు."

ఆయనను అక్కడే కొట్టాలనిపించింది. క్షమించమని అడిగి ఉంటే ఛీ కొట్టి వచ్చేదాన్ని. తిట్టి ఉంటే తిట్టి వచ్చేదాన్ని. ఆయనకు నేను గుర్తే లేను. వెనక్కి తిరిగాను. అప్పుడు లోపలి గుమ్మం దగ్గర గాజుల చప్పుడైంది. నీళ్ళు తోడే మనిషి వచ్చి, అమ్మగారు బొట్టు పెట్టించుకుని పొమ్మంటున్నారని చెప్పింది. కాదనలేక వెళ్ళాను.

ఆమె నేననుకున్నట్టు లేదు. సన్నగా, పొట్టిగా, మా అత్త కంటే పెద్దదానిలా ఉన్నది. నాకు బొట్టు పెట్టింది. ఓడిపోవడం గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రెండుసార్లు కబురు పంపినా రానందుకు నిష్ఠూరంగా చూస్తుందనుకున్నాను, అదీ లేదు. "వచ్చినావు, మంచిది," అని బియ్యం గంప వెనక చెయ్యి పెట్టి ఒక పలక తీసింది. మా వీధిలో వాటిలాగే మూల విరిగిన పలక.

"నువ్వు రాలేదని నేనే నేర్చుకున్నా అమ్మాయ్," అన్నది. సిగ్గుపడుతున్న పిల్లలా పలక నెమ్మదిగా తిప్పి చూపించింది. "నా పెండ్లికి మా పుట్టింటోళ్ళు పెట్టిన ఇత్తడి బిందె ఉంది. దాని మీద నా పేరు చెక్కించినారని అనుకునేవాళ్ళు. దాన్ని చూసి దిద్దినా. ఆరు నెలలైంది. చూడకుండా గూడ రాస్తా ఇప్పుడు. తప్పులేమన్నా ఉండాయా?"

తప్పులు లేవు. ఒక్కొక్క గీత బిందె మీద చెక్కినట్టే గట్టిగా, లోతుగా ఉన్నది. మంచి దస్తూరి. అది మెంబరుగారి పేరు.

మా ప్రాంతంలో పెళ్ళిలో పెట్టే సామాను మీద అల్లుడి పేరే చెక్కిస్తారు, అది ఇంటి యజమాని సొత్తని. అది అందరికీ తెలుసు, చదవడం వచ్చినవాళ్ళందరికీ. ఆమె ఎన్నడూ నోటితో పలకని పేరును, ఆరు నెలలుగా, ఆయన కంట పడకుండా బియ్యం గంప వెనక దాచుకుంటూ, తన పేరనుకుని రాసుకుంటున్నది. నేను రెండు కొబ్బరికాయలు తిప్పి పంపి, కడుపారా నవ్వుకున్న రాత్రి కూడా రాసుకునే ఉంటుంది.

తప్పులు లేవని చెప్పి బయటపడదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. ఆమె నా ముఖమే చూస్తున్నది.

"మీది కాదమ్మా," అన్నాను. "మెంబరుగారిది."

ఆమె ఉలిక్కిపడలేదు. గబుక్కున చెంపలు వేసుకుంది, అపచారం చేసినదానిలా. తరువాత చెంగుతో పలక తుడిచింది. ఒకసారి కాదు, తడి చేసి రెండుసార్లు తుడిచింది. బలపం నా చేతికిచ్చి, "అయితే నాది రాసి చూపించు," అన్నది.

"మీ పేరేంది?" అని అడిగాను. తొమ్మిదేళ్ళుగా ఆమె ఇంటిని మైలు దూరం నుంచి చూస్తూ బతికినదాన్ని, ఆమె పేరు నాకు తెలియదు. మెంబరుగారి భార్య అనే అనుకున్నాను, పగ పట్టడానికి అది చాలింది. ఆమె తన పేరు చెప్పింది. చాలా మెల్లగా, అలవాటు తప్పిన మాటలా చెప్పింది.

రాశాను. రెండక్షరాలు. ఆమె పలకను వెలుతురుకు పట్టుకుని, వేలితో గాలిలో ఒకసారి దిద్దుకుని, నా వైపు తిరిగింది.

"ఇంతేనా?" అన్నది.

ఇంతే. నేర్పడానికి ఒక మధ్యాహ్నం కూడా పట్టదు.